అత్త చేతిలో యాక్సిలేటరు

పొద్దున లేస్తే కోడలి పనులన్నీ ఒకే వరసలో నడుస్తాయి. ముందు అత్తని ఒక పక్కకి దొర్లించి కింద గుడ్డ మార్చడం. తర్వాత వీపుకి పౌడరు. తర్వాత జావ, చెంచా చెంచా, మధ్యలో మూతి తుడుస్తూ. చివర్లో కిటికీ రెక్క ఓరగా తీసి, రేడియో పెట్టి, తలుపు దగ్గర నిలబడి ఒక మాట చెప్పడం.

"వెళ్ళొస్తానత్తా. పనుంటేనే గుంజు. ఊసుపోక గుంజకు. నిన్న సిగ్నల్ దగ్గర నీ దెబ్బకి పూలకుండీల మీదికి పోయాను."

అత్తకి మాట లేదు. కోడలు మెట్లు దిగి బండి స్టార్టు చేసి, ఇంకా చెయ్యి గ్రిప్పు మీద వెయ్యకముందే ఇంజను రెండుసార్లు గయ్యిమనేది. పోవే పో, పెద్ద చెప్పొచ్చావు అని దానర్థం.

అత్తకి పక్షవాతం వచ్చినప్పుడు నోరు పోయింది, కాళ్ళు పోయాయి, ఎడమ చెయ్యి పోయింది. కుడి చెయ్యి కూడా మోచేతి దాకా పోయింది. మణికట్టు ఒక్కటి మిగిలింది. అది అటూ ఇటూ తిరుగుతుంది, అంతే. అది తిరిగినప్పుడల్లా బండి యాక్సిలేటరు కూడా తిరుగుతుంది, బండి ఊళ్ళో ఏ మూలనున్నా సరే. అదేమీ వింత కాదన్నట్టే చెప్పింది పక్కింటావిడ. "ఒక్కొక్కరికి ఒక్కోటి మిగులుతుందమ్మా. మా మావగారికి కనుబొమ్మలు మిగిలాయి. వాటితోనే ఇల్లంతా ఏలాడు."

బండి కోడలి మొగుడిది. ఆ మాటకొస్తే అత్త కూడా మొగుడి తరఫు సామానే. ఆ మహానుభావుడు ఇంకో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయినప్పుడు రెండింటినీ ఇక్కడే వదిలేశాడు. చాలా పద్ధతైన మనిషి. బండికి స్టాండు వేసి, తల్లికి దుప్పటి కప్పి మరీ వెళ్ళాడు. నీకెందుకే ఆవిడ, కొడుక్కే పట్టనిది అని తెలిసినవాళ్ళు అంటే కోడలు, "బండి ఉంచుకున్నాను కదా, దాంతో పాటు వచ్చింది" అని ఊరుకునేది. ఇంకా పొడిస్తే, "హెల్మెట్టు కూడా ఉంచుకున్నాను, కావాలా?" అనేది.

ఆ బండి మీదే ఆమె బతుకు. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పని. దంతాల డాక్టర్ల దగ్గర్నుంచి సుద్ద అచ్చులు తేవడం, తయారైన పళ్ళు తిరిగి డాక్టర్లకి ఇచ్చి రావడం. వెనక పెట్టెలో, స్పాంజి మధ్య, డబ్బాల్లో పళ్ళు. ఊళ్ళో సగం మంది ముసలాళ్ళ నవ్వులు ఆ పెట్టెలోంచి పోయినవే. అందుకే అందరూ ఆమెని పళ్ళక్క అంటారు. అసలు పేరు పిలిచేవాడు దుప్పటి కప్పి పోయాడు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

అత్త గుంజుడులో ఒక భాష ఉంది. టపటపా రెండుసార్లు పొట్టిగా గుంజితే బెడ్‌పాన్ కావాలని. ఇంజను రేజ్ మెల్లగా పడిపోతే దాహం. సన్నగా వణికితే రేడియోలో స్టేషను పోయిందని. ఇవి కాక పోట్లాటలు వేరే. డాక్టరు గది ముందు బండి ఆపినా పళ్ళక్క ఇంజను ఆపేది కాదు, అత్త పిలిస్తే తెలియాలి కదా. లోపల నర్సుతో రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే బయట బండి ఒంటరిగా అరిచేది. "పళ్ళక్కా, మీ అత్తగారు" అని నర్సే చెప్పేది. పళ్ళక్క బయటికొచ్చి పెట్రోలు ట్యాంకు మీద ఒక చరుపు చరిచి, "వస్తున్నానే తల్లీ, కొంపేం మునిగిపోలేదు" అనేది. ట్యాంకు మీద చరిస్తే అత్తకి తగులుతుందో లేదో తెలియదు. కానీ చరిస్తే పళ్ళక్కకి హాయిగా ఉండేది.

మధ్యాహ్నం రెండు పొట్టి గుంజుళ్ళు రాగానే దారి మళ్ళించి ఇంటికి పోయేది. పని చూసి, పక్కకి తిప్పి, మళ్ళీ రోడ్డు మీద పడేది. అట్లా అత్త వీపు మీద ఒక్క పుండు లేదు. ఆ సంగతి పళ్ళక్క ఎవరికీ చెప్పుకోలేదు గానీ, లోపల కొంచెం పొగరు ఉండేది.

ల్యాబు చేతులు మారింది. పాత యజమాని ముసలాయన, తన పళ్ళు కూడా అక్కడే చేయించుకున్నవాడు, అమ్మేసి పోయాడు. కొత్తవాళ్ళు మేనేజరుగా ఒక కుర్రాయన్ని పెట్టారు. ఆయన కుర్చీలోంచి లేవడు, గొంతు పెంచడు. ఎదురుగా పెద్ద స్క్రీను, దాని మీద బండ్లన్నీ చీమల్లాగా పాకుతుంటాయి. బండివాళ్ళు ఆయనకి స్క్రీను సారు అని పేరు పెట్టుకున్నారు.

ఒకరోజు స్క్రీను సారు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. అన్ని బండ్లకీ హ్యాండిల్, గ్రిప్పులు మార్చాలి. కేబులు ఉండదు. గ్రిప్పు తిప్పితే కరెంటు వైరు ఇంజనుకి చెబుతుంది. ఎంత స్పీడు పోవాలో, ఏ దారిన పోవాలో ఇక్కడే తేలుతుంది. సామాను, మార్పించే ఖర్చు ల్యాబుదే.

"సార్, నా బండి నాది కదా?" అంది పళ్ళక్క.

"బండి మీదేనమ్మా. రూటు మాది."

"మా అత్త చెయ్యి..."

"విన్నాను. అందుకే మీ బండి ముందు మార్పించమంటున్నాను. స్క్రీను మీద మీ గీత ఒక్కటే మధ్యాహ్నం పూట దారి తప్పుతోంది."

అబద్ధం ఎందుకు, ఆ మాట విన్నప్పుడు పళ్ళక్కకి భయంతో పాటు లోపలెక్కడో చల్లగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా తన బండి తన చేత్తో తను నడిపింది లేదు. అనిపించినందుకు తనని తనే తిట్టుకుంది. ఆ తర్వాత కూడా చల్లగానే ఉంది.

బండి బాగుచేసేవాడి పేరు తుప్పన్న. ఏ బండి తెచ్చినా ముందు "తుప్పు" అంటాడు కాబట్టి ఆ పేరు. పళ్ళక్క బండి చూసి కూడా అదే అన్నాడు. పాత గ్రిప్పులు అరిగి నున్నగా అయిపోయి, కుడి దాని మీద పళ్ళక్క గుడ్డ చుట్టుకుంది. తుప్పన్న ఆ గుడ్డ విప్పాడు, గ్రిప్పు లాగాడు, కేబులు కొస పట్టుకుని ఆగాడు.

"పెద్దావిడకి చెప్పావా చెల్లెమ్మా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఏమంటుంది? పొద్దున బండి తియ్యగానే గయ్యిమంది. దారంతా అదే పాట. నీ షెడ్డు చూడగానే గప్‌చుప్."

"తియ్యనా మరి?"

"తియ్యన్నా. నువ్వు తియ్యకపోతే ఇంకోడు తీస్తాడు, వాడు పెట్రోలు కూడా తీస్తాడు."

తుప్పన్న కేబులు కొక్కెంలోంచి తప్పించి బయటికి లాగాడు. నల్లటి పాము కుబుసంలాగా నేల మీద పడింది. పళ్ళక్క పక్కింటావిడకి ఫోను చేసింది. ఆవిడ వెళ్ళి చూసి వచ్చి, "బాగానే ఉంది, చెయ్యి పొట్ట మీదే ఉంది, పాటలు వింటోంది" అని చెప్పింది.

కొత్త హ్యాండిల్ లోపల బోలుగా ఉంది. వైర్లు బయటికి కనపడవు, ఆ బోలులోంచే పోవాలి. తుప్పన్న వైరు కొసకి దారం కట్టి, సబ్బునీళ్ళు పోసి, ఇటు నుంచి ఊదుతూ అటు నుంచి లాగుతూ చాలాసేపు తిట్టుకున్నాడు. కుడి పక్క గొట్టం లోపల చిన్న పళ్ళచక్రంలాంటిది కూర్చోబెట్టి, దాని మీదికి కొత్త గ్రిప్పు తోశాడు. పళ్ళలో పళ్ళు పడి టిక్కుమంది. ఎడమ గ్రిప్పుకి జిగురు పూసి బిగించాడు. ఇంజను దగ్గర కూడా పాతది విప్పేసి, ల్యాబువాళ్ళు పంపిన మోటారున్న ముక్క పెట్టాడు.

"ఇది పళ్ళ బండి కదా, గ్రిప్పుకి కూడా పళ్ళు పెట్టాను," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "తిప్పి చూడు. వెన్నముద్ద."

నిజంగానే వెన్నముద్ద. వేలితో తిప్పితే తిరిగింది. ఎవరూ వెనక్కి లాగలేదు, ముందుకి తోయలేదు. పళ్ళక్క షెడ్డులోంచి బయటికొచ్చి పెద్ద రోడ్డెక్కింది. గాలి మొహానికి కొట్టింది. అరిచి పాడాలనిపించింది. గ్రిప్పు ఇంకొంచెం తిప్పింది. స్పీడు ఒక చోటికొచ్చి ఆగిపోయింది, బండి నడుస్తోంది గానీ అది దాటట్లేదు. పూర్తిగా తిప్పింది. అంతే. అత్త చెయ్యి తీసేసి సారు చెయ్యి పెట్టారు, మధ్యలో నాకేం ఒరిగింది అనుకుంది.

ఆ మధ్యాహ్నమే నాలుగు రోడ్ల కూడలిలో బండి రెండుసార్లు పొట్టిగా గుంజింది. పళ్ళక్క పక్కకి ఆపింది. ఆగిన వెంటనే సారు ఫోను.

"అమ్మా, మీ గీత ఎర్రగా అయింది. ఎందుకు ఆగారు?"

"బండి గుంజింది సార్. ఇంటికి..."

"కొత్త వైరు, సర్దుకుంటుంది. ఇంకోసారి ఎరుపు పడితే మీకూ నాకూ మాటలుండవు. మీ స్థానంలో రావడానికి బయట మనుషులున్నారు."

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పక్క తడిసిపోయి ఉంది. పళ్ళక్క గుడ్డలు మారుస్తూ, సారు మీది కోపం గుడ్డల మీద చూపిస్తూ గొణిగింది. "వైరు గుంజిందట, నేను ఆగానట, ఇంకోసారైతే ఉద్యోగం ఊడుతుందట. ఊడితే ఏం తిందాం? ఆ పళ్ళు నముల్దామా? నీ చెయ్యికి ఇంక పని లేదత్తా, కేబులు తీసేశారు. ఊరికే తిప్పి అలసిపోకు." అత్త వింటూ పడుకుంది. అత్త చెవులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి.

మర్నాటి నుంచి బండి గుంజలేదు. వైరు సర్దుకుంది అన్నాడు తుప్పన్న. కేబులు పోతే మరి చెయ్యి ఎట్లా అందుతుంది, అది అంతేలే అన్నారు అందరూ. అత్త కూడా ఒప్పుకున్నట్టే కనిపించింది. ఆ మణికట్టు మళ్ళీ తిరగడం ఎవరూ చూడలేదు.

ఇంక కష్టాలు మొదలయ్యాయి. పొద్దున వేసిన పక్క మీదే సాయంత్రం దాకా పడుకోవాలి. పక్కింటావిడని అడిగితే, "నా నడుమే నాది కాదమ్మా, నీళ్ళైతే పడతాను గానీ ఎత్తలేను" అంది. అబద్ధమేం కాదు, ఆవిడ గోడ పట్టుకుని నడుస్తుంది. పని మనిషిని పెడదామని చూస్తే, ఒకామె వచ్చి ముక్కు మూసుకుని వెళ్ళిపోయింది. తోటి బండివాళ్ళు అయ్యో అక్కా అన్నారు. వాళ్ళ గీతలు కూడా అదే స్క్రీను మీద ఉన్నాయి, ఎవరిని ఏమనగలం?

పళ్ళక్క సారు దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం కాసేపు వదలండి సార్, పొద్దున ముందొస్తాను, సాయంత్రం ఆలస్యంగా పోతాను అంది. సారు ఓపిగ్గానే విన్నాడు.

"నా చేతిలో లేదమ్మా. రూటు వేసేది నేను కాదు, ఆ స్క్రీనే వేసుకుంటుంది. నేను చూస్తాను, అంతే."

"మరి ఎవరి చేతిలో ఉంది సార్?"

ఆయన స్క్రీను వంక చూశాడు. ఆయనకీ తెలియదని పళ్ళక్కకి అప్పుడు అర్థమైంది.

తుప్పన్న దగ్గరికి పోయి, పాత కేబులే పెట్టెయ్యన్నా అంది. "పెడతాను చెల్లెమ్మా, దేనికి తగిలించను? కొత్తదానికి కొక్కెమే లేదు. పాత ముక్క పెడదామంటే ల్యాబు స్క్రీనులో నీ బండి చచ్చినట్టు చూపిస్తుంది. నన్ను తిట్టు, పడతాను." ఆమె తిట్టలేదు. అదే తుప్పన్నకి ఎక్కువ బాధేసింది. చైనుకి నూనె వేసి పంపాడు.

తుంటి మీద మొదట ఎర్రటి మచ్చ వచ్చింది. మచ్చ పొక్కింది. పొక్కు పుండైంది. పళ్ళక్క రోజూ కడిగి మందు రాసి ఊదేది, పిల్లలకి ఊదినట్టు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఆమెకి పక్కల్లో కూడా గోతులే. పని మానితే ఇద్దరూ పస్తు. మానకపోతే ముసలిది మంచంలోనే కుళ్ళిపోతుంది.

ఊరి చివర మంచాన పడ్డవాళ్ళని చూసే ఇల్లొకటి ఉంది. అక్కడి నర్సు వచ్చి పుండు చూసి, "ఇంకొంచెం లోతైతే ఎముక కనిపిస్తుంది. మా దగ్గర పగలూ రాత్రీ తిప్పే మనుషులున్నారు. పంపించండి" అంది. నర్సు మంచిది. చేతులు కూడా మెత్తగా ఉన్నాయి. అదే ఇంకా కష్టంగా ఉంది, తిట్టడానికి ఎవరూ లేరు.

పళ్ళక్క మంచం పక్కన కూర్చుని చెప్పింది. "అత్తా, నిన్ను పంపిస్తున్నాను. నీ కొడుకులాగా కాదు. ఆదివారం ఆదివారం వస్తాను. వినపడిందా? నీకిష్టమేనా కాదా? ఏదో ఒకటి అను. చెయ్యి తిప్పు." అత్త రెప్పలార్పి చూసింది. చెయ్యి పొట్ట మీద అట్లాగే ఉంది.

వ్యాను పొద్దున్నే వచ్చింది. కొత్త బండి, చప్పుడే లేదు. డ్రైవరు, ఒక ఆయా కలిసి అత్తని స్ట్రెచరు మీద మెట్లు దించారు. వెనకాల పళ్ళక్క ఒకటే సణుగుడు. "జావ వేడిగా ఉంటే మింగదు, ఉమ్మేస్తుంది. చల్లగా ఉన్నా ఉమ్మేస్తుంది. రేడియో కుడి చెవి వైపు పెట్టండి. దువ్వెన నెత్తికి తగిలితే కళ్ళతోనే చంపేస్తుంది, మెల్లగా దువ్వాలి." ఆయా సరేనమ్మా సరేనమ్మా అంటోంది. అత్తని లోపల పడుకోబెట్టి బెల్టు పెట్టారు. ఆయా పక్కన కూర్చుంది. డ్రైవరు ఎక్కి ఇంజను ఆన్ చేశాడు.

పళ్ళక్క తెరిచి ఉన్న తలుపులోంచి చూసింది. తెల్ల దుప్పటి మీద అత్త చాలా చిన్నగా ఉంది, ఎవరో మర్చిపోయిన సంచిలాగా.

"వద్దు," అంది పళ్ళక్క. "దించండి. నేను పంపను."

"అదేంటమ్మా?" డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"పని మానేస్తాను. ఇంకేదో చూసుకుంటాను. అడుక్కుంటాం. దించండి బాబూ."

వ్యాను కదిలింది.

"దించమంటే పోనిస్తావేంటయ్యా!"

"నేను కాదమ్మా," అన్నాడు డ్రైవరు. "కాలు తీసేశాను, చూడు. రెండు కాళ్ళూ పైనే ఉన్నాయి."

ఆయా అత్త వైపు వంగి చూసింది. "పెద్దావిడ చెయ్యి తిప్పుతోంది."

పళ్ళక్క కూడా చూసింది. దుప్పటి మీద ఆ మణికట్టు మెల్లగా, నిలకడగా తిరుగుతోంది, చాలా రోజుల్నుంచి ఆ పనిలోనే ఉన్నట్టు.

"ఇందులో కేబులు ఉండదే, అంతా వైర్లే కదా," అంది పళ్ళక్క.

"వైర్లైతే ఏంటి, అందినట్టే ఉంది," అన్నాడు డ్రైవరు. "పెద్దావిడ పోదామంటోంది. ఆపడానికి నేనెవర్నమ్మా?" అని స్టీరింగు సరిగ్గా పట్టుకున్నాడు. ఆయా తలుపు వేసింది.

వీధి చివర దాకా వ్యాను తొందర లేకుండా పోయి, మలుపు తిరిగింది.

కేబులు తీశాక కూడా చెయ్యి అందుతూనే ఉంది. మొదటి రోజు కూడలిలో గుంజింది వైరు కాదు. ఆ సాయంత్రం గొణుగుడంతా విని, మర్నాటి నుంచి ముసలిది చెయ్యి బిగించుకుంది. తడిలో పడుకుంది. తుంటి పుండు పడుతుంటే పడుకుంది. పిలిస్తే వస్తుంది, వస్తే ఉద్యోగం ఊడుతుంది అని ఒక్కసారి కూడా పిలవలేదు. నోరున్నప్పుడు ఒక్క మాట కూడా మింగని మనిషి.

పళ్ళక్క బండి దగ్గరికి పరుగెత్తింది. స్టార్టు చేసి వ్యాను పోయిన వైపు తిప్పి గ్రిప్పు తిప్పింది. ఇంజను పలకలేదు. ఉన్నచోటే గుడగుడలాడింది. పూర్తిగా తిప్పింది, రెండు చేతులతో తిప్పింది. రేజ్ పెరగలేదు.

"వదులు అత్తా," అంది. "వదలవే. నీకు దణ్ణం పెడతాను." ట్యాంకు మీద చరిచింది. రెండోసారి చెయ్యెత్తి, చరవలేక అక్కడే ఆనించి పెట్టింది. కాళ్ళతో నేలని తన్ని బండిని తోసుకుంటూ పోబోయింది. చక్రం రాయిలాగా నిలబడింది.

జేబులో ఫోను మోగింది. ల్యాబు. పక్కింటావిడ గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఫోను మోగి మోగి ఆగేదాకా పళ్ళక్క వ్యాను పోయిన మలుపు వైపే చూసింది. తర్వాత హ్యాండిల్ ల్యాబు వైపు తిప్పింది. గ్రిప్పు మీద చెయ్యి ఇంకా బిగించనే లేదు.

బండి మెత్తగా కదిలింది, ఎక్కడా గుంజకుండా.